మానసిక ప్రథమ చికిత్స: కాలేజీల్లో నాకు ఎదురయ్యే అపోహలు

మనసు కుంగిపోయినవాళ్లను గుర్తించి, డాక్టరు దగ్గరికి చేరేదాకా తోడుండడమే మానసిక ప్రథమ చికిత్స. ఇంజనీరింగ్ కాలేజీల్లో లెక్చరర్లకు, హాస్టల్ సిబ్బందికి దీన్ని నేర్పడం నా పని. ఎక్కడికి వెళ్లినా ఈ మాటలే వినబడతాయి.

అపోహ: "చనిపోవాలనిపిస్తోందా అని అడిగితే, లేని ఆలోచన మనమే పుట్టించినట్టు అవుతుంది."

వాస్తవం: ఎక్కువగా వినేదీ ఇదే, ఎక్కువ హాని చేసేదీ ఇదే. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి. లోలోపల ఒంటరిగా మోస్తున్న పిల్లలకు, అడిగేవాళ్లు దొరికితే బరువు కాస్త దిగుతుంది. శిక్షణలో ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి ఈ ప్రశ్న అడిగిస్తాను. మొదటిసారి చాలామంది, "పిచ్చి ఆలోచనలేం లేవు కదరా?" అంటారు. అలా అడిగితే "లేవు సార్" అనక ఏమంటాడు? జవాబు మనమే అందించేశాం. "చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?" అని మెల్లగా, సూటిగా అడగాలి. అడిగాక ఆగాలి. ఆ మౌనాన్ని ఓర్చుకోవడమే అన్నిటికంటే కష్టం. వెంటనే సలహా చెప్పేయాలని నోరు లాగేస్తుంది. అవునని చెబితే ఒంటరిగా వదలకుండా, డాక్టరు దగ్గరికి చేర్చేదాకా పక్కనే ఉండాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

అపోహ: "రెండు రోజుల శిక్షణతో మేం కౌన్సెలర్లం అయిపోతామా?"

వాస్తవం: కాలేరు, కానక్కర్లేదు. బెటీ కిచెనర్, ఆంథొనీ జోర్మ్ 2000లో ఆస్ట్రేలియాలో ఈ శిక్షణ మొదలుపెట్టింది మామూలు మనుషుల కోసమే. కాలు విరిగినవాణ్ణి కదలకుండా చూసి ఆసుపత్రికి చేర్చడానికి ఎముకల డాక్టరే కానక్కర్లేదు కదా.

అపోహ: "లెక్చరర్లకు నేర్పితే చాలు."

వాస్తవం: ఒక హాస్టల్ మెస్‌లో వడ్డించే అమ్మ నాతో, "ఆ బాబు నాలుగు రోజులనుంచీ పెరుగన్నం రెండు ముద్దలు తిని లేచిపోతున్నాడమ్మా" అంది. క్లాసులో ఎవరికీ అనుమానం రాలేదు, అటెండెన్స్ సరిగ్గానే ఉంది మరి. విశాఖలో నీట్‌కు చదువుతూ చనిపోయిన అమ్మాయి కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు కూడా బోధనేతర సిబ్బందిని వదల్లేదు. అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలన్నాయి.

అపోహ: "బయటికి తెలిస్తే పిల్లవాడి మీద కేసు అవుతుంది."

వాస్తవం: ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే (వేరేలా రుజువైతే తప్ప) భావించాలని, అందుకు విచారించి శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. ఈ భయంతో వైద్యం ఆలస్యం చేయొద్దు.

అపోహ: "ఎవరికీ చెప్పనని ఒట్టేశాను మేడమ్."

వాస్తవం: రూమ్మేట్లు ఏడుస్తూ చెప్పే మాట ఇది. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాల్సిందే. అసలు ఒట్టు వేయకముందే ఇలా చెప్పమంటాను: "ఈ సంగతి ఊరంతా చెప్పను. నీకేమైనా అవుతుందని భయం వేస్తే మాత్రం సాయం చేయగలవాళ్లకు చెబుతాను. వాళ్ల దగ్గరికి నీతో నేనూ వస్తాను."