గెలిచినవాళ్ల బోర్డులో పీడీ సారు పేరు

మా కాలేజీలో ఆటగాళ్ల పేర్లతో ఒక బోర్డు పెట్టాలని ఈ మధ్య నిర్ణయించారు. విశాఖపట్నంలో పెద్ద పేరున్న కాలేజీ కాదు మాది. ఒక మేడ, దాని వెనక వాలీబాల్ కోర్టు, వంద మీటర్ల పరుగుకి అటూ ఇటూగా సరిపోయే గ్రౌండ్. అంతే. అయినా యూనివర్సిటీ జట్టుకి ఆడినవాళ్లు, స్పోర్ట్స్ కోటాలో రైల్వేకీ పోర్టుకీ వెళ్లినవాళ్లు మాకూ ఉన్నారు. వాళ్ల పేర్లు రాయడం గురించి ఎవరికీ అభ్యంతరం లేదు. చదువు మధ్యలో ఆపేసి ఉద్యోగానికో స్పోర్ట్స్ హాస్టల్‌కో వెళ్లిపోయినవాళ్లని మన ఆటగాళ్లు అనుకోవాలా అన్నది ఒక పేచీ. ఆట నేర్పిన పీడీల, అంటే ఫిజికల్ డైరెక్టర్ల, పేర్లు బోర్డు మీద ఉండాలా వద్దా అన్నది రెండోది.

రెండింటికీ "ఉండాలి" అనే నేను అంటున్నాను. ఎందుకో చెప్పాలంటే ఉత్తరాంధ్రలో చదువూ ఆటా ఎలా కలిశాయో, ఎక్కడ విడిపోయాయో మొదటినుంచీ చూడాలి.

బీచ్ రోడ్డులో కోడి రామమూర్తి విగ్రహం ముందు నుంచి రోజూ వేలమంది వెళ్తుంటారు. ఛాతీ మీదికి ఏనుగును ఎక్కించుకున్న మనిషి, ఉక్కు గొలుసులు తెంచిన మనిషి, ఐదో జార్జి చక్రవర్తి 'ఇండియన్ హెర్క్యులస్' అని మెచ్చుకున్న మనిషి అని అందరికీ తెలుసు. సర్కస్ పెట్టకముందు ఆయన ఏం చేసేవారన్నది మాత్రం చాలామందికి తెలియదు. వీరఘట్టంలో పుట్టిన రామమూర్తి మద్రాసు వెళ్లి సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొందారు. తిరిగి వచ్చి విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశారు. అప్పటి మాటలో చెప్పాలంటే డ్రిల్లు మాస్టారు. ఈ ప్రాంతం నుంచి ప్రపంచమంతా పేరు మోసిన మొదటి బలశాలి బడిపిల్లల చేత కసరత్తులు చేయించిన మాస్టారన్నమాట. 1942లో ఆయన పోయారు. మా బోర్డు గురించి మాట్లాడుకునేటప్పుడు నాకు ముందు గుర్తొచ్చేది ఆయనే.

ఆ తరం తర్వాత వ్యాయామ విద్యకి ఒక పద్ధతి వచ్చింది. 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల మొదలుపెట్టారు. 1924లో పారిస్ ఒలింపిక్స్‌కి వెళ్లిన భారత జట్టుకి మేనేజరు కూడా ఆయనే. తర్వాత 1957లో గ్వాలియర్‌లో లక్ష్మీబాయి కళాశాల, 1961లో పటియాలాలో జాతీయ క్రీడా సంస్థ (ఎన్ఐఎస్) వచ్చాయి. ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి. వ్యాయామ విద్యలో బీపీఈడీ, ఎంపీఈడీ డిగ్రీలు చదివినవాళ్లు బడిలో పీఈటీలు, కాలేజీలో పీడీలు అవుతారు. పటియాలాలో డిప్లొమా చేసినవాళ్లు ఏదో ఒక ఆటకి కోచ్‌లు అవుతారు. జనం వాళ్లని 'ఎన్ఐఎస్ కోచ్' అంటారు. పీడీ పని అలా ఉండదు. పొద్దున కబడ్డీ, మధ్యాహ్నం సర్టిఫికెట్ల మీద సంతకాలు, సాయంత్రం బాల్ బ్యాడ్మింటన్. ఏ పిల్ల ఏ ఆటకి పనికొస్తుందో కనిపెట్టి, దాన్ని బాగా తెలిసిన మనిషి దగ్గరికి పంపడమే ఆయన చేసే అసలైన పని. పతకం వచ్చే వేళకి పిల్ల వేరే ఊళ్లో, వేరే కోచ్ దగ్గర ఉంటుంది. పీడీ పేరు రికార్డుల్లో కనపడకపోవడానికి ఇది మొదటి కారణం.

రెండో కారణం యూనివర్సిటీ వ్యవస్థ. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరుకి వచ్చింది. దానికి అనుబంధంగా ఉన్న కాలేజీలన్నీ ఇంటర్ కాలేజియేట్ పోటీల్లో ఆడతాయి. అక్కడ బాగా ఆడినవాళ్లతో యూనివర్సిటీ జట్టు కడతారు. ఆ జట్టు సౌత్ జోన్‌కి, గెలిస్తే ఆలిండియా అంతర విశ్వవిద్యాలయ పోటీలకి వెళ్తుంది. ఆ మెట్టు ఎక్కగానే కాలేజీ పేరు పోయి యూనివర్సిటీ పేరు మిగులుతుంది. ఛాతీ మీద ఏయూ అనే రెండక్షరాలు ఉంటాయి. ఏ సందులోని ఏ కాలేజీ ఆ కుర్రాణ్ణి పంపిందో స్కోరు షీటు చెప్పదు.

యూనివర్సిటీ జట్టుకి ఆడినవాళ్లని కలర్ హోల్డర్లు అంటారు. ఆ పేరు, ఆ బ్లేజర్ అంటే మా రోజుల్లో ఎంత గొప్పో చెప్పలేను. అయితే ఆ గొప్ప అన్ని కాలాల్లోనూ ఒకే కొలత కాదు. ఒకప్పుడు విశాఖ కుర్రాడు ఏయూ జట్టులో చోటు కోసం గుంటూరు, ఏలూరు, రాజమండ్రి కుర్రాళ్లందరితో పోటీ పడాలి. 1967లో గుంటూరులో పీజీ కేంద్రంగా మొదలైనది 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం అయింది. 2006లో ఆదికవి నన్నయ, 2008లో శ్రీకాకుళంలో అంబేడ్కర్ విశ్వవిద్యాలయం వచ్చాయి. వచ్చిన ప్రతిసారీ ఏయూ పరిధి తగ్గింది. అందుకే బోర్డు మీద 1965 నాటి కలర్ హోల్డర్ పక్కన 2015 నాటి కలర్ హోల్డర్‌ని రాసేటప్పుడు సంవత్సరం తప్పకుండా వేయాలని పట్టుబట్టాను. ఈ తరాన్ని తక్కువ చేయడానికి కాదు. పాతవాళ్లు ఎంతమందిని దాటుకుని వచ్చారో చదివేవాళ్లకి తెలియాలని.

క్రికెట్ సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అది కాలేజీల చేయి దాటి చాలాకాలమైంది. ఆంధ్ర జట్టు 1953-54లో సి.కె. నాయుడు కెప్టెన్సీలో రంజీలో అడుగుపెట్టింది. 1936లో భారత జట్టుకి ఇంగ్లండ్‌లో నాయకత్వం వహించిన మన విజ్జీ (విజయనగరం మహారాజకుమారుడు) పేరు మీద యూనివర్సిటీల అంతర మండల ట్రోఫీ ఉంది. అంటే ఒకప్పుడు కాలేజీ క్రికెట్ రంజీకి దారి. ఇప్పటి దారి జిల్లా సంఘం, అండర్ ఫోర్టీన్, అండర్ సిక్స్‌టీన్. 16 వన్డేలు ఆడిన వేణుగోపాలరావు, రంజీలో 308 కొట్టి ట్రిపుల్ సెంచరీ చేసిన మొదటి వికెట్ కీపర్ అయిన కె.ఎస్. భరత్, 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో 114 కొట్టిన నితీష్ కుమార్ రెడ్డి ముగ్గురూ విశాఖ వాళ్లే. వాళ్లని తయారు చేసినవి కాలేజీ గ్రౌండ్లని చెప్పుకుంటే అది అబద్ధమే అవుతుంది.

మిగతా ఆటల్లో అలా కాదు. అక్కడ బడీ కాలేజీ ఇంకా గట్టి మెట్లే. దానికి జ్యోతి యర్రాజీ కంటే మంచి ఉదాహరణ నాకు కనపడదు.

జ్యోతి 1999లో విశాఖలో పుట్టింది. నాన్న సెక్యూరిటీ గార్డు. అమ్మ ఇళ్లలో పనిచేసేది, ఆస్పత్రిలో శుభ్రం చేసే పనికీ వెళ్లేది. పిల్ల పోర్టు హైస్కూల్లో చదువుతున్నప్పుడు ఆమె ఎత్తు చూసి, హర్డిల్స్‌కి పనికొస్తుందని అన్నది అక్కడి వ్యాయామ ఉపాధ్యాయుడే. ఈ మాట చిన్నదిగా కనిపిస్తుంది కానీ దీని వెనక ఎంతో అనుభవం ఉంది. మహిళల 100 మీటర్ల హర్డిల్స్‌లో పది అడ్డంకులుంటాయి. ఒక్కోటి 83.8 సెంటీమీటర్ల ఎత్తు, మధ్య దూరం 8.5 మీటర్లు. ఆ దూరాన్ని మూడు అంగల్లో దాటాలి. పొట్టి పిల్ల ఆ అంగల కోసం ఒళ్లంతా సాగదీయాలి. పొడుగు పిల్లకి అది తేలిగ్గా వస్తుంది. అసెంబ్లీలో వందలమంది పిల్లలు వరుసల్లో నిలబడి ఉంటే, ఒక పిల్ల కాళ్ల పొడవు చూసి అంత లెక్క కట్టిన మనిషి ఆ మాస్టారు.

2015లో రాష్ట్ర అంతర జిల్లా పోటీల్లో ఆమెకి బంగారు పతకం వచ్చింది. మరుసటి ఏడాది హైదరాబాదులో భారత క్రీడా ప్రాధికార సంస్థ (సాయ్) కేంద్రంలో కోచ్ ఎన్. రమేశ్ దగ్గరికి వెళ్లింది. తర్వాత గుంటూరు, అక్కడినుంచి భువనేశ్వర్‌లో కోచ్ జేమ్స్ హిలియర్ దగ్గరికి. ఆడింది నాగార్జున విశ్వవిద్యాలయం తరఫున. చూడండి, విశాఖలో పుట్టి పోర్టు బడిలో పరుగు మొదలుపెట్టిన పిల్ల యూనివర్సిటీ పోటీల్లో గుంటూరు అమ్మాయి అయింది. ఇందులో ఎవరి తప్పూ లేదు. శిక్షణ ఎక్కడ దొరికితే ఆటగాళ్లు అక్కడికి వెళ్తారు.

2020 జనవరిలో మూడబిద్రిలో అంతర విశ్వవిద్యాలయ పోటీల్లో ఆమె 13.03 సెకన్లలో పరుగు ముగించింది. అప్పటి జాతీయ రికార్డు 2002లో అనురాధా బిశ్వాల్ పెట్టిన 13.38. అయినా రికార్డుగా లెక్కించలేదు. ఆ పోటీలో డోప్ పరీక్ష ఏర్పాటు లేదు, అందుకని. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09. అదీ లెక్కలోకి రాలేదు, వెనకనుంచి వీచిన గాలి సెకనుకి 2.1 మీటర్లు. అనుమతించేది 2.0 వరకే. 0.1 మీటరు తేడా! ఆ వార్త చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. మే 10న సైప్రస్‌లోని లిమాసోల్‌లో 13.23తో రికార్డు నిజంగా ఆమెదైంది. తర్వాత ఆగలేదు. అదే అక్టోబరులో 12.82 పరుగెత్తి, లెక్కలోకి వచ్చే పరుగులో 13 సెకన్ల లోపు వచ్చిన మొదటి భారతీయురాలు అయింది. 2023లో బ్యాంకాక్ ఆసియా ఛాంపియన్‌షిప్‌లో బంగారు పతకం, చెంగ్డూ ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 12.78తో కాంస్యం, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో వెండి. 2024లో పారిస్. ఒలింపిక్స్‌లో ఈ పరుగులో దిగిన మొదటి భారతీయురాలు మన విశాఖ పిల్ల.

మూడబిద్రి సంగతి ఇంతసేపు చెప్పడానికి కారణం ఉంది. కాలేజీ, యూనివర్సిటీ పోటీల్లో ఎంత గొప్ప ప్రతిభ కనిపించినా దాన్ని లెక్కలోకి ఎక్కించే ఏర్పాట్లు చాలాసార్లు ఉండవు. పెద్ద పోటీలోనే అలా ఉంటే, నలభై ఏళ్ల కింద మా కాలేజీ గ్రౌండులో సున్నం గీతల మీద పరుగెత్తిన పిల్లల టైమింగులు ఏ రికార్డులో దొరుకుతాయి? ఒక పీడీ సారు చేతి గడియారంతో చూసి తన నోటుబుక్కులో రాసుకున్నవే దొరుకుతాయి. ఆయన రిటైరైన రోజున ఆ నోటుబుక్కు కూడా ఆయన సంచిలోనే ఇంటికి వెళ్లిపోయింది.

బాక్సింగ్‌లోనూ ఈ ఊరికి చరిత్ర ఉంది. విశాఖ అమ్మాయి నాగిశెట్టి ఉష ప్రపంచ మహిళల బాక్సింగ్‌లో వెండి పతకం తెచ్చింది, 2020లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకుంది. ఇక్కడి బాక్సింగ్ కోచ్ ఐ. వెంకటేశ్వరరావుకి 2011లో ద్రోణాచార్య వచ్చింది. ఇక సిడ్నీ ఒలింపిక్స్‌లో 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తిన కరణం మల్లీశ్వరి పక్కన నీలంశెట్టి అప్పన్న పేరు ఆమదాలవలసలో ఇప్పటికీ వినిపిస్తుంది. అక్కడ గురువు పేరు శిష్యురాలి పేరుతో పాటే నిలబడింది. దేశం కూడా ఈ సంగతి ఆలస్యంగానే గుర్తించింది. ఆటగాళ్లకి అర్జున అవార్డు 1961లో మొదలైతే, గురువులకి ద్రోణాచార్య 1985లో వచ్చింది. మధ్యలో 24 ఏళ్లు.

మధ్యలో వెళ్లిపోయినవాళ్ల సంగతి ఇంకా చెప్పలేదు. విశాఖలో ఆట అంటే ఉద్యోగం. వాల్తేరు రైల్వే, పోర్టు, స్టీల్ ప్లాంటు, ఇవన్నీ స్పోర్ట్స్ కోటాలో మనుషుల్ని తీసుకున్నాయి. డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్న వాలీబాల్ కుర్రాడికి రైల్వే నుంచి కాగితం వస్తే, ఇంట్లో ఇద్దరు చెల్లెళ్లు ఉంటే, వాడు పరీక్షల కోసం ఆగుతాడా? ఆ కాగితం వచ్చిన రోజు పీడీ సారు స్వీట్లు పంచేవారు. జట్టులో స్మాషర్ పోయాడన్న బాధ ఆయనకి తర్వాత తెలిసేది. అలా వెళ్లినవాడు రైల్వే ఆటగాడిగా లెక్కలోకి వస్తాడు. మా రిజిస్టర్లో 'డిస్‌కంటిన్యూడ్' అని ఉంటుంది. ఆ మాట చదివి అతన్ని బోర్డులోంచి తీసేస్తామంటే నేను ఒప్పుకోను. అతన్ని ఆ ఉద్యోగానికి తగినవాణ్ణి చేసింది మా కోర్టే.

పీడీ పోస్టు పరిస్థితి కూడా చెప్పాలి. ప్రభుత్వం జీతాలిచ్చే ప్రైవేటు కాలేజీల్లో, అంటే ఎయిడెడ్ కాలేజీల్లో, పోస్టుల భర్తీ ఏళ్ల తరబడి ఆగిపోయింది. 2021లో ఎయిడెడ్ సిబ్బందిని ప్రభుత్వం తనలో కలుపుకునే విధానం తెచ్చింది. పిల్లలూ తల్లిదండ్రులూ రోడ్డెక్కాక, ఇష్టమైతే పాత పద్ధతిలోనే కొనసాగవచ్చని యాజమాన్యాలకి అవకాశం ఇచ్చింది. ఆ గొడవలో అందరూ లెక్చరర్ల గురించే మాట్లాడారు. చిన్న కాలేజీలో పీడీ రిటైరైతే ఆ కుర్చీలో ఏ లెక్కల సారుకో 'ఇన్‌చార్జి' అని అదనపు బాధ్యత పడుతుంది. ఆయన మంచివారే కావచ్చు. పొద్దున ఐదున్నరకి గ్రౌండుకి వచ్చి పిల్లల కాళ్లు చూడటం మాత్రం ఆయన వల్ల కాదు. మా దగ్గర అదే జరిగింది. వాలీబాల్ నెట్ కట్టే స్తంభాలకి ఇప్పుడు బైకులు ఆనించి పెడుతున్నారు.

బోర్డు కోసం మేం పాత ఫొటోలు పోగు చేస్తున్నాం. ప్రతి జట్టు ఫొటో కింద పేర్లుంటాయి: కూర్చున్నవారు ఎడమ నుంచి కుడికి, నిలుచున్నవారు ఎడమ నుంచి కుడికి. ప్రిన్సిపాల్ పేరు డిగ్రీలతో సహా ఉంటుంది. కప్పు పట్టుకున్న కెప్టెన్ పేరుంటుంది. పక్క కుర్చీలో తెల్ల ప్యాంటు, మెడలో విజిల్‌తో కూర్చున్న ఆయన దగ్గర మూడు ఫొటోల్లో ఉత్త 'పీడీ' అని మాత్రమే ఉంది. అప్పట్లో అందరికీ తెలిసిన మనిషే కదా అని పేరు రాసి ఉండరు. రెండు పేర్లు పాత విద్యార్థులు చెప్పారు. మూడో ఫొటోలో ఆయన పేరు చెప్పగలిగినవాళ్లు ఇంకా దొరకలేదు. పెయింటర్‌కి చెప్పాం, ఆ గడి ఖాళీగా వదిలి మిగతావి రాయమని.