తొర్ర ఉన్నంత మాత్రాన చెట్టు కూలిపోదు

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఈదురుగాలి లేచిందంటే హైదరాబాద్‌లో ఎక్కడో ఒకచోట రోడ్డు పక్క చెట్టు కూలుతుంది. దాని కింద కారో ఆటోనో ఉంటుంది, ఒక్కోసారి మనిషి ఉంటాడు. మర్నాటి నుంచి ఆ కాలనీలో అన్ని చెట్ల మీదా అనుమానమే. ఉన్నవన్నీ కొట్టేయమని కొందరు, ఒక్క కొమ్మ ముట్టుకున్నా ఊరుకోమని కొందరు. చెట్టు సర్కారు స్థలంలో ఉంటుంది, దాని పక్కనున్న ఇల్లు మాత్రం మనది, కాబట్టి టెన్షన్ పడటంలో తప్పు లేదు. కానీ ఏ చెట్టు ప్రమాదకరమో తేల్చడానికి ఒక పద్ధతి ఉంది, దాన్ని వదిలేసి కంటికి కనిపించే తొర్రను పట్టుకుని వాదించుకుంటున్నాం.

తొర్రనే ముందు చూద్దాం. చెట్టులో బతికున్న భాగం ఎక్కువగా బెరడు కింద ఉన్న బయటి పొరల్లోనే ఉంటుంది, నడిమి చేవ చాలావరకు మృత కణజాలమే. గాయమైతే మన చర్మంలా చెట్టు దాన్ని మాన్పుకోలేదు, కుళ్లు పాకకుండా చుట్టూ రసాయన గోడలు కట్టి, వాటి బయట కొత్త చెక్క పెంచుకుంటూ పోతుంది. అమెరికాకు చెందిన అలెక్స్ షైగో వేల చెట్లను కోసి చూసి ఈ సంగతి బయటపెట్టాడు. ఇక బలం లెక్క: వంగకుండా నిలబెట్టే శక్తి వ్యాసార్ధం నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. అంటే మొదలు వ్యాసార్ధం 50 సెంటీమీటర్లున్న చెట్టులో 35 సెంటీమీటర్ల మేర బోలైపోయినా, చుట్టూ 15 సెంటీమీటర్ల గట్టి చెక్క మిగిలితే, పోయే బలం దాదాపు 24 శాతమే. ఇనుప గొట్టం బోలుగా ఉండి కూడా బరువు మోసేది ఇందుకే. జర్మనీ శాస్త్రవేత్త క్లాస్ మాటెక్ వందలాది చెట్లను కొలిచి, మిగిలిన గోడ వ్యాసార్ధంలో 30 శాతం కన్నా తగ్గితే జాగ్రత్త పడాలన్నాడు. తొర్ర ఒక పక్కకు తెరుచుకుని ఉంటే ఈ లెక్క సరిపోదు, ఇంకా ముందే భయపడాలి.

అసలు చూడాల్సింది నేల దగ్గర. మన రోడ్ల మీద చెట్లు విరగడం కన్నా వేళ్లతో సహా పెళ్లగిలి పడటమే నాకు ఎక్కువ భయం, ఎందుకంటే అది మనం చేజేతులా తెచ్చుకున్నది. వేళ్లు పాతాళానికి పోతాయనుకుంటాం గానీ, చాలా చెట్ల వేళ్లలో అధిక భాగం పైనున్న ఒక మీటరు మట్టిలోనే, కొమ్మల నీడ దాటి కూడా పాకుతాయి. డ్రైనేజీ లైనుకో కేబుల్‌కో గ్యాస్ పైపుకో కందకం తవ్వినప్పుడల్లా తెగేవి అవే. మొదలు మందానికి మూడు రెట్ల దూరం లోపల, అంటే రెండడుగుల మందం చెట్టుకు ఆరడుగుల లోపల, లావు వేళ్లు నరికితే చెట్టుకు పట్టు పోయినట్టే. ఆకులు మాత్రం ఏళ్ల తరబడి పచ్చగానే ఉంటాయి. అందుకే కూలాక అందరూ అనే మాట, మొన్నటిదాకా బాగానే ఉంది కదా అని.

వాలు కూడా మోసం చేస్తుంది. ఎప్పుడో వాలి, తర్వాత కొస మళ్లీ నిటారుగా పెరిగిన చెట్టు ఆ వాలుకు అలవాటు పడి, తగిన చెక్క కట్టుకుని ఉంటుంది. కొత్తగా వాలి, వెనకవైపు మట్టి ఉబ్బినా పగుళ్లిచ్చినా ఆ రోజే ఫిర్యాదు చేయాలి, కింద నిలబడకూడదు. మొదట్లో గట్టి పుట్టగొడుగులు పలకల్లా పుట్టుకొస్తే లోపల వేళ్లో మొదలో కుళ్లుతున్నట్టు. రెండు లావు కొమ్మలు ఇరుకుగా కలిసి, నడుమ బెరడు నొక్కుకుపోయి ఉన్న పంగ కూడా చీలేదే. తురాయి, పచ్చతురాయిల కొమ్మలు గాలికి తేలిగ్గా విరుగుతాయి. కరెంటు తీగల కోసం తల నరికేసిన చెట్లయితే మరీ ఘోరం, ఆ మొండేల అంచున గుంపుగా వచ్చే కొమ్మలు పైపైనే అతుక్కుని ఉంటాయి, కింద కుళ్లు సాగుతూనే ఉంటుంది.

గాలి సంగతీ చెప్పాలి. వేగం రెట్టింపైతే చెట్టు మీద పడే బలం నాలుగింతలవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు, 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో సుడిగాలి వేల చెట్లను పడగొట్టినప్పుడు ఆరోగ్యంగా ఉన్నవీ పోయాయి. కాబట్టి ఏ నిపుణుడూ ఫలానా చెట్టు పడదని రాసివ్వలేడు. అతను తూచేది మూడు: పడే అవకాశం ఎంత, పడితే ఎవరికో దేనికో తగిలే అవకాశం ఎంత, తగిలితే నష్టం ఎంత. పార్కు మూలన ఉన్న పుచ్చు చెట్టును పక్షులకు వదిలేయొచ్చు, అదే బస్టాపు మీదుంటే తీయాలి. కొన్నిచోట్ల చెట్టును కాకుండా దాని కిందున్న బండి పార్కింగును జరిపితే చాలు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రినే చూడండి. పెద్ద కొమ్మ కూలాక సందర్శకులను ఆపేశారు, చెదలకు మందును సెలైన్ సీసాలతో చుక్కచుక్కగా ఎక్కించారు, ఒరిగిన కొమ్మలకు ఆసరాలు కట్టారు. ప్రతి వీధి చెట్టుకూ అంత చేయలేం, ఎండుకొమ్మలు తీసి బరువు తగ్గించడమైతే చేయగలం.

ఎండిపోయిందని తొందరపడి తీర్పు చెప్పొద్దు. తెలంగాణలో వేపచెట్లు శిలీంధ్రం సోకి మాడిపోయినట్టు కనిపించాయి, చచ్చాయనుకున్నవాటిలో చాలావరకు మళ్లీ చిగురించాయి. సన్న కొమ్మ బెరడు గోరుతో గీకితే లోపల పచ్చగా ఉందో లేదో తెలుస్తుంది. చెక్క సుత్తితో మొదలును తడితే బోలు శబ్దం పట్టేయొచ్చు. అనుమానం మిగిలితే ధ్వని తరంగాలు పంపి లోపలి కుళ్లు బొమ్మ గీసే పరికరాలున్నాయి, మన మునిసిపాలిటీలు అలాంటివి సమకూర్చుకోవాలని గట్టిగా అడగాలి.

తీయాల్సిందేనని తేలితే ఫోటోలతో, ఏ ఇంటి ముందో రాసి మునిసిపాలిటీకి అర్జీ పెట్టాలి. కొన్ని మినహాయింపులున్నా, నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి లేకుండా చెట్టు కొట్టకూడదు. సొంతంగా ఎవరినో పిలిపించి రాత్రికి రాత్రి నరికించడం నేరమే కాదు, ప్రాణాంతకం కూడా. తీగలు దగ్గరుంటే కరెంటోళ్లు ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ లైనులో కరెంటు ఆపేశామన్న మాట) ఇచ్చాకే రంపం ఎత్తాలి. ఇళ్ల మధ్య చెట్టును మొదట్లో కోసి పడేయరు, పైనుంచి ముక్కలుగా కోసి తాడుతో దింపుతారు. సగం ఒరిగి గోడకో మరో చెట్టుకో ఆనుకున్నదాని జోలికి తెలియనివాళ్లు వెళ్లకూడదు, లోపల బిగుసుకున్న ఒత్తిడి కోత పడగానే దుంగను ఎటు విసురుతుందో చెప్పలేం. కొమ్మ మాత్రమే తీసేటప్పుడు ముందు కింద చిన్న గాటు, తర్వాత కాస్త ఎడంగా పైనుంచి కోత, చివరికి కొమ్మ మొదట్లో ఉబ్బెత్తు వలయం మిగిలేలా మూడో కోత. దాని మీద సిమెంటు, రంగు పూయనక్కర్లేదు.

ఆ స్థలంలో మళ్లీ నాటేటప్పుడు తీగల కింద పొట్టి రకాలే వేయాలి. చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2013లో ఢిల్లీ అధికారులను ఆదేశించింది. మన సీసీ రోడ్లు వేసేటప్పుడు ఆ మీటరు మట్టి వదలమని కాంట్రాక్టరుకు చెప్పాల్సింది పని మొదలయ్యే రోజే.