వింటర్ సోల్జర్ వెనక ఉన్న అసలు ఫైళ్ళు

2014 ఏప్రిల్‌లో వచ్చిన 'కెప్టెన్ అమెరికా: ది వింటర్ సోల్జర్' అనగానే చాలామందికి లిఫ్టులో ఫైట్, రోడ్డు మీద ఛేజింగ్ గుర్తొస్తాయి. కానీ ఆ సినిమా ప్రాణమంతా ఒక్క దెబ్బ కూడా పడని సీన్‌లో ఉంది. షీల్డ్ అనే గూఢచారి సంస్థ డైరెక్టర్ నిక్ ఫ్యూరీ, స్టీవ్ రోజర్స్‌ని (ఇతనే కెప్టెన్ అమెరికా) వాషింగ్టన్ ఆఫీసు అడుగుభాగానికి తీసుకెళ్ళి మూడు భారీ ఎగిరే యుద్ధనౌకలు చూపిస్తాడు. అవి ఉపగ్రహాలిచ్చే సమాచారంతో ప్రమాదకారుల్ని గుర్తుపట్టి, వాళ్ళు ఏమీ చేయకముందే చంపేస్తాయి. శిక్ష నేరం తర్వాత కదా పడాల్సింది అంటాడు స్టీవ్. అంతదాకా ఆగలేం అంటాడు ఫ్యూరీ.

ఈ రెండు మాటల మధ్య ఉన్న తగాదా అమెరికాలో రెండో ప్రపంచ యుద్ధం నాటి నుంచీ నడుస్తోంది. సూపర్ హీరో సినిమా పొలిటికల్ థ్రిల్లర్‌లా నిలబడిందంటే కారణం అదే. అందులో కల్పించినవి కెప్టెన్ డాలూ వింటర్ సోల్జర్ ఉక్కు చెయ్యీ అయితే, మిగతాదానికి చాలావరకు ఫైళ్ళున్నాయి.

సినిమాలో హైడ్రా అనేది నాజీల్లోంచి పుట్టి, షీల్డ్ లోపలే రహస్యంగా పెరిగిన ముఠా. దాని శాస్త్రవేత్త జోలాని యుద్ధం అయ్యాక అమెరికాయే పిలిచి ఉద్యోగం ఇస్తుంది. నిజంగా జరిగినదాని పేరు ఆపరేషన్ పేపర్‌క్లిప్. 1,600 మందికి పైగా జర్మన్ శాస్త్రవేత్తల్నీ ఇంజినీర్లనీ అమెరికా తెచ్చుకుంది. కరుడుగట్టిన నాజీలు వద్దని ప్రెసిడెంట్ ట్రూమన్ షరతు పెడితే, అధికారులు కొందరి రికార్డులు మార్చేసి మరీ రప్పించారు. వీళ్ళలో వెర్నర్ ఫాన్ బ్రౌన్ ఒకడు. అతని వీ-2 రాకెట్లు తయారైన మిట్టెల్‌బావ్-డోరా క్యాంపులో వేలమంది ఖైదీలు చచ్చిపోయారు. చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన శాటర్న్-5 కూడా అతని బృందానిదే. జోలా పాత్ర నమ్మశక్యంగా అనిపించడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

ఈ కథకి అసలు ముడి మాత్రం 1970లలో ఉంది. అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐని ఎడ్గర్ హూవర్ 48 ఏళ్ళు ఏలాడు. 1956 నుంచి 1971 దాకా ఆ సంస్థ కోయిన్‌టెల్‌ప్రో అనే రహస్య కార్యక్రమం నడిపింది. మొదట కమ్యూనిస్టుల మీద మొదలుపెట్టి, నల్లజాతి ఉద్యమాల మీదికీ, వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించిన విద్యార్థుల మీదికీ మళ్ళించారు. 1964లో మార్టిన్ లూథర్ కింగ్‌కి ఒక ఆకాశరామన్న ఉత్తరం వెళ్ళింది. నీకు మిగిలిన దారి ఒక్కటే అంటూ ఆత్మహత్యకి ఉసిగొల్పే ఆ ఉత్తరం రాసి పంపింది ఎఫ్‌బీఐ.

ఇది బయటపడిన తీరు ఏ థ్రిల్లర్‌కీ తీసిపోదు. 1971 మార్చి 8 రాత్రి, ముహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్ బాక్సింగ్ కోసం దేశమంతా రేడియోలకి అతుక్కుపోయి ఉంటే, ఎనిమిది మంది మామూలు మనుషులు పెన్సిల్వేనియాలోని మీడియా అనే ఊళ్ళో ఎఫ్‌బీఐ ఆఫీసు తలుపు పగలగొట్టారు. ఫైళ్ళన్నీ సూట్‌కేసుల్లో నింపుకుని పోయారు. తర్వాత కాపీలు తీసి పత్రికలకి పోస్టు చేశారు. ఒక కాగితంలో అసమ్మతివాదుల్ని తరచు ప్రశ్నించమన్న సలహా ఉంది. ఎందుకంటే, ప్రతి పోస్టు డబ్బా వెనకా ఒక ఎఫ్‌బీఐ ఏజెంటు ఉన్నాడని వాళ్ళకి అనిపించాలట. ఆ దొంగతనం చేసినవాళ్ళెవరూ దొరకలేదు. వాళ్ళలో చాలామంది తమంతట తాము బయటికొచ్చింది 2014 జనవరిలో, అంటే ఈ సినిమా రిలీజుకి మూడు నెలల ముందు. క్లైమాక్స్‌లో స్టీవ్ తోటి ఏజెంటు నటాషా షీల్డ్ రహస్యాలన్నీ ఇంటర్నెట్‌లో పెట్టేస్తుంది చూడండి, నాకు ఆ సీన్‌లో కనిపించేది ఈ సూట్‌కేసులే.

1974 డిసెంబర్‌లో విలేకరి సీమోర్ హెర్ష్, విదేశాల్లో గూఢచర్యానికని పెట్టిన సీఐఏ సొంత దేశస్తుల మీదే నిఘా పెట్టిందని న్యూయార్క్ టైమ్స్‌లో రాశాడు. మరుసటి ఏడాది సెనేటర్ ఫ్రాంక్ చర్చ్ నాయకత్వంలో విచారణ కమిటీ వేశారు. విదేశీ నేతల్ని చంపడానికి సీఐఏ పన్నిన కుట్రలు, ముప్ఫై ఏళ్ళపాటు టెలిగ్రాం కంపెనీలు ప్రభుత్వానికి అందించిన కాపీలు అన్నీ రికార్డుకెక్కాయి. ఈ యంత్రాంగాన్ని ఎప్పుడైనా అమెరికన్ల మీదికే తిప్పచ్చనీ, అప్పుడు దాక్కోడానికి చోటుండదనీ చర్చ్ టీవీలో హెచ్చరించాడు.

కామిక్స్ అప్పటికే ఆ బాట పట్టాయి. 1941లో హిట్లర్ దవడ పగలగొడుతూ పుట్టిన కెప్టెన్ అమెరికా, 1974లో ఒక రహస్య ముఠా నాయకుణ్ణి వైట్‌హౌస్‌లోకే తరిమి పట్టుకుంటాడు. ముసుగు తీశాక ఆ ముఖం పాఠకులకి చూపించలేదు. అది అప్పటి ప్రెసిడెంట్ నిక్సన్‌ని ఉద్దేశించిందేనని రచయిత స్టీవ్ ఇంగిల్‌హార్ట్ తర్వాత చెప్పాడు. ఆ సంచిక వచ్చిన కొన్ని నెలలకే నిక్సన్ రాజీనామా చేశాడు.

అందుకే ఈ సినిమాలో రాబర్ట్ రెడ్‌ఫోర్డ్‌ని పెట్టుకోవడం వట్టి గ్లామర్ కోసం కాదు. 1975లో 'త్రీ డేస్ ఆఫ్ ది కాండర్'లో అతను భోజనం తేవడానికి వెళ్ళొచ్చేసరికి తోటివాళ్ళంతా హతమైపోయిన సీఐఏ ఉద్యోగి. మరుసటి ఏడాది, నిక్సన్‌ని గద్దె దించిన వాటర్‌గేట్ కుంభకోణం మీద తీసిన సినిమాలో విలేకరి వుడ్‌వర్డ్. అలాంటి నటుడికి దర్శకులు రూసో సోదరులు ఇక్కడ షీల్డ్ పైస్థాయిలో ఉంటూ హైడ్రాని నడిపే అలెగ్జాండర్ పియర్స్ పాత్ర ఇచ్చారు. ఒకప్పుడు వ్యవస్థ నుంచి పారిపోయిన ముఖమే ఇప్పుడు వ్యవస్థ అయి కూర్చుంది.

2001 సెప్టెంబర్ 11 తర్వాత చర్చ్ కమిటీ వల్ల నిఘా సంస్థలకి అడ్డంగా లేచిన ఆంక్షల గోడలు ఒక్కొక్కటే కూలాయి. 2012 మేలో న్యూయార్క్ టైమ్స్ కథనంతో ఒబామా స్వయంగా చంపాల్సినవాళ్ళ జాబితా చూసి పేర్లకి ఆమోదం ఇస్తున్నాడని అందరికీ తెలిసింది. అంతకుముందే 2011లో యెమెన్‌లో అన్వర్ అల్ అవ్లాకీ అనే అమెరికా పౌరుణ్ణి ఏ కోర్టు విచారణా లేకుండా డ్రోన్‌తో చంపారు. రెండు వారాల తర్వాత మరో దాడిలో అతని పదహారేళ్ళ కొడుకు పోయాడు. పేరు కూడా తెలియకుండా, కదలికల తీరు చూసి మనుషుల్ని చంపిన దాడులూ ఉన్నాయి. సినిమాలో జోలా అల్గారిదమ్ బ్యాంకు లెక్కలు, ఫోన్లు, ఓట్ల సరళి చూసి రేపటి శత్రువుల్ని ఏరుతుంది. సీఐఏకీ, ఫోన్లూ ఇంటర్నెట్టూ వినే నిఘా సంస్థ ఎన్ఎస్ఏకీ మాజీ అధిపతి అయిన మైకేల్ హేడెన్ 2014లోనే ఒక చర్చావేదిక మీద, మేం మెటాడేటాని (మాటలు కాదు, ఎవరు ఎవరికి ఎప్పుడు ఫోన్ చేశారన్న వివరాల్ని) బట్టి మనుషుల్ని చంపుతాం అని ఒప్పుకున్నాడు.

2013 జూన్‌లో ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన ఎన్ఎస్ఏ రహస్య పత్రాలు వచ్చేనాటికి సినిమా షూటింగ్ నడుస్తోంది. స్క్రిప్టు అంతకుముందే తయారైంది కాబట్టి ఇది స్నోడెన్ కథని వాడుకోవడం కాదు, గాలిలో ఉన్న భయాన్ని ముందే పసిగట్టడం. ఆ పత్రాల్లో మనకి నేరుగా తగిలే అంకె ఒకటుంది. 2013 మార్చి ఒక్క నెలలో ఎన్ఎస్ఏ భారతదేశం నుంచి సేకరించిన సమాచార శకలాలు 630 కోట్లు. అమెరికా నిఘా చట్టంలోని సెక్షన్ 702 దేశం బయట ఉన్న విదేశీయుల మీద నిఘా కోసమే రాసింది. డాలస్‌లో ఉన్న కొడుకుతో గుంటూరు నుంచి మాట్లాడే తల్లి ఆ చట్టం దృష్టిలో విదేశీయురాలే.

ఇంత చరిత్ర తెలిసీ సినిమా ఒకచోట జారిపోయిందని నా అభిప్రాయం. తప్పంతా హైడ్రా మీద నెట్టేసింది. లోపల దూరిన నాజీలు లేకపోతే షీల్డ్ మంచిదేనన్న ఊరట ప్రేక్షకుడికి మిగులుతుంది. చర్చ్ కమిటీకి దొరికిన నిజం ఇంకా కష్టమైంది. అక్కడ చొరబాటుదారులెవరూ లేరు. ఎఫ్‌బీఐ నిఘా విభాగాన్ని పదేళ్ళు నడిపిన విలియం సలివన్ వాంగ్మూలం చదివితే భయమేస్తుంది. మనం చేస్తున్నది చట్టబద్ధమేనా, న్యాయమేనా అని తనతో సహా ఏ ఒక్కరూ అడగగా తాను వినలేదన్నాడు. పొద్దున్నే టై కట్టుకుని ఆఫీసుకొచ్చి, దేశానికి మేలు చేస్తున్నామనుకుంటూ ఆ పని చేశారు వాళ్ళు.

షీల్డ్ ఒక్కరోజులో కుప్పకూలుతుంది. వాషింగ్టన్‌లో అలా జరగలేదు. అమెరికన్ల ఫోన్ రికార్డుల్ని ప్రభుత్వం మూకుమ్మడిగా పోగుచేయడాన్ని 2015లో చట్టం చేసి ఆపారు. సెక్షన్ 702ని మాత్రం 2018లో పొడిగించారు. సినిమా వచ్చిన పదేళ్ళకి, 2024 ఏప్రిల్‌లో, మళ్ళీ ఇంకో రెండేళ్ళు పొడిగించారు.