కారుకి మెదడు ఎక్కడుంటుంది?

పెదవాల్తేరు,
విశాఖపట్నం

బుజ్జీ, చిన్నా,

దసరా సెలవుల్లో మీరొచ్చినప్పుడు మన పాత కారు బీచ్ రోడ్డు మీద ఆగిపోయింది కదా, మెకానిక్ బానెట్ ఎత్తి చూసి "దీని బ్రెయిన్ పోయిందండీ, మార్చాలి" అన్నాడు. అప్పుడు చిన్నా అడిగాడు, "తాతయ్యా, కారుకి మెదడు ఎక్కడుంటుంది?" అని. ఆ వానలో మిమ్మల్ని ఆటో ఎక్కించే హడావుడిలో నేను జవాబు చెప్పలేదు. మీరు వెళ్ళిన దగ్గర్నుంచీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఇప్పుడు కారు బాగయింది, తీరిగ్గా రాస్తున్నాను.

మన కారులో అది ముందు ఎడమ సీటులో బుజ్జి కాళ్ళు పెట్టుకునే చోట, గ్లవ్ బాక్స్ కింద, కార్పెట్ వెనకాల ఉంది. చిన్న టిఫిన్ డబ్బా అంత అల్యూమినియం పెట్టె, దానికి లావుపాటి వైర్ల కట్ట. దాన్ని ఈసీఎం (ఇంజన్ కంట్రోల్ మాడ్యూల్) అంటారు, మెకానిక్‌లు ఈసీయూ అనీ కంప్యూటర్ అనీ కూడా అంటారు. అన్ని కార్లలోనూ అక్కడే ఉండదు. కొన్నిట్లో గ్లవ్ బాక్స్ వెనకాల ఉంటుంది, కొన్నిట్లో బానెట్ కింద ఎయిర్ ఫిల్టర్ పక్కన.

అదేం చేస్తుందో చెప్పాలంటే మా మామ్మ గురించి చెప్పాలి. నా చిన్నప్పుడు మా ఊళ్ళో సరుగుడు కర్రలతో వంట. మామ్మ పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుంటే లేచేది కాదు. మూత చప్పుడు విని అన్నం ఎంత ఉడికిందో చెప్పేది, పొగ రంగు చూసి కర్ర వెనక్కి లాగేది, గాలి చాలకపోతే ఊదుగొట్టం తీసుకునేది. మామ్మకి కర్ర ఎంతో గాలి ఎంతో చేతికి తెలుసు, ఎప్పుడూ కొలిచింది లేదు. ఒక్కోసారి నేను పక్కన కూర్చుని ఊదుతానని గొడవ చేసి, బూడిదంతా లేపి, పాల గిన్నెలో పోసేవాణ్ణి. అయినా తిట్టేది కాదు, గొట్టం ఎలా పట్టుకోవాలో మళ్ళీ చూపించేది.

ఈసీఎం కూడా అలాగే. ఇంజను ఎంత వేడెక్కిందో, గాలి ఎంత లోపలికి వస్తోందో, నాన్న యాక్సిలరేటర్ ఎంత తొక్కాడో సెన్సర్లు వైర్ల మీద కబురు పంపుతాయి. అది విని, పెట్రోలు ఎంత చిమ్మాలో, నిప్పురవ్వ ఎప్పుడు వేయాలో చెబుతుంది. ఒక గ్రాము పెట్రోలు సరిగ్గా కాలాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే మన నాలుగు సిలిండర్లలో కలిపి సెకనుకి 100 సార్లు మంట పుడుతుంది, ప్రతిసారీ ఈ లెక్క జరగాలి. మామ్మ ఒక్క పొయ్యి చూసుకునేది, ఈ పెట్టె నాలుగు పొయ్యిలు చూసుకుంటోంది, అదీ సెకనుకి వందసార్లు! నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అయితే వంట పాడైందంటే ప్రతిసారీ మామ్మదే తప్పా? బియ్యం తడిసి వస్తే? బయటి నుంచి ఎవరైనా తప్పుడు కబురు తెస్తే? కార్లోనూ అంతే. ఇంజను వేడి చెప్పే సెన్సర్ వైరు తెగిపోతే, మన మే నెల ఎండలో కూడా మెకానిక్ కారుకి తగిలించి చూసే స్కానర్‌లో ఇంజను మైనస్ 40 డిగ్రీలని కనిపిస్తుంది. ఆ కబురు నమ్మిన కారు చలికి వణికే ఇంజనుకి పోసినట్టు పెట్రోలు పోసేస్తుంది. అందుకే మెకానిక్‌ని ఒక్క రోజు ఆగమన్నాను. ఎవరైనా "మెదడు పోయింది" అనగానే కొత్తది కొనకూడదు.

ముందు బ్యాటరీ చూశాం, ఇంజను ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టులకి దగ్గరగా ఉంది, బాగానే ఉంది. ఫ్యూజులు, రిలే (కరెంటుని కలిపే, ఆపే స్విచ్చు) బాగున్నాయి. ఎర్త్ వైరు బాడీకి బిగించిన చోట మాత్రం పచ్చగా చిలుం పట్టింది. సముద్రం పక్కన ఊరు, ఉప్పు గాలి రాగిని వదలదు. గీకి బిగించాం, కారు స్టార్ట్ అయింది. రెండు రోజులే, మళ్ళీ ఆగింది.

అప్పుడు కార్పెట్ ఎత్తితే కింద తడి! ఎక్కడి నీళ్ళు? ముందు అద్దం కింద వాన నీళ్ళు పోయే సందు ఉంటుంది. మన వీధిలో నిద్రగన్నేరు చెట్టు ఆకులు ఎంత చిన్నవో తెలుసు కదా, అవన్నీ ఆ సందులో పేరుకుని నీళ్ళు లోపలికి దారి చేసుకున్నాయి. పెట్టె విప్పితే బోర్డు మీద ఒక మూల చిలుం తినేసింది. మెకానిక్ మాట నిజమే, అది పోయింది. కానీ ఆకులు తీయకుండా కొత్తది పెట్టి ఉంటే వచ్చే వానకి అదీ పోయేది.

మార్చడం పెద్ద కష్టం కాదు, తొందర పడితేనే కష్టం. తాళంచెవి బయటికి తీసేసి, 10 నంబరు స్పానర్‌తో బ్యాటరీ మైనస్ ముందు ఊడదీసి, కాసేపు ఆగాలి. కనెక్టర్‌ని వైర్లు పట్టుకుని లాగకూడదు, దానికి ఒక లాకు ఉంటుంది, అది తీస్తే మెత్తగా వస్తుంది. పిన్నుల్ని వేలితో ముట్టుకోకూడదు. పెట్టె మీద చీటీలో నంబరు రాసి ఉంటుంది, ఒక్క అక్షరం తేడా ఉన్నా తీసుకోకూడదు. కొత్తది దొరక్క పాత సామాన్ల షాపులో అదే నంబరుది వెతికి తెచ్చాను.

పెట్టాక కూడా కారు కదల్లేదు, చిన్నా! ఒకసారి మా అత్త పురిటికని మామ్మ వాళ్ళ ఊరెళ్తే, పెద్దమ్మ వచ్చి మా వంట చేసింది, మా కుక్క మూడు రోజులు ఆవిణ్ణి గుమ్మం దాటనివ్వలేదు. అలాగే, తాళంలో ఉన్న చిన్న చిప్‌ని కొత్త పెట్టె గుర్తుపట్టలేదు. ఒకాయన లాప్‌టాప్ తెచ్చి రెండిటికీ పరిచయం చేశాడు. మొదటి రెండు రోజులు ఇంజను ఎగుడుదిగుడుగా తిరిగింది, మా పెద్దమ్మ చారులో ఉప్పు ఎక్కువ తక్కువ అయినట్టు. తర్వాత దానికి మన పొయ్యి అలవాటైంది.

ఇప్పుడు మీకొక పని. మీ నాన్న రేపు పొద్దున్న మీ కారు తాళం తిప్పినప్పుడు, వెంటనే స్టార్ట్ చేయొద్దని చెప్పండి. ముందు మీటర్లో పసుపు రంగు ఇంజను బొమ్మ వెలుగుతుంది, చూడండి. అదే సమయంలో ఒకరు వెనక సీటు దగ్గర చెవి పెట్టి వినండి. చాలా పెట్రోలు కార్లలో రెండు సెకన్ల పాటు "జుయ్" మని సన్నగా వినిపిస్తుంది. అది పెట్రోలు పంపు. దాన్ని తిప్పమని చెప్పింది ఆ పెట్టే.

ఎవరికి ముందు వినిపించిందో నాకు ఫోన్ చేసి చెప్పండి.

మీ
తాతయ్య