అరిగిందా, చివికిందా: చీమకుర్తి క్రషర్లలో పాలీయురేథేన్ జల్లెడల తగవు

ప్రకాశం జిల్లా చీమకుర్తి చుట్టుపక్కల క్రషర్లలో, కొట్టిన రాతిని సైజులవారీగా వేరుచేసే పాలీయురేథేన్ (రబ్బరులా లొంగే ఒక ప్లాస్టిక్) జల్లెడల తగవు మళ్ళీ మొదలైంది. ఉక్కు జాలి కన్నా ఎన్నో రెట్లు మన్నుతాయని చెప్పి అమ్మిన పలకలు ఇసుక కడిగే ప్లాంటులో ఏడాది తిరగకుండానే పగిలిపోయాయని కొన్నవారు అంటున్నారు. తామిచ్చిన హామీ అరుగుదలకే గాని పగుళ్ళకు కాదని అమ్మినవారు అంటున్నారు. బకాయి ఆగింది, కొత్త సరుకూ ఆగింది.

ఈ పదార్థం గురించి రాసేవారు 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ చేసిన ప్రయోగాలతో మొదలుపెట్టడం రివాజు. ఆ కథ చాలామందికి తెలిసిందే కనుక ఇక్కడ అవసరం లేదు. క్రషర్లలోకి అది ఎందుకు వచ్చిందన్నదీ రెండు మాటల్లో తేలిపోతుంది. పదునైన రాతిముక్క ఒరుసుకుంటూ పోయినప్పుడు ఉక్కు గీతపడి ఆ మేరకు లోహాన్ని పోగొట్టుకుంటుంది. పాలీయురేథేన్ ఆ ఒత్తిడికి లోపలికి లొంగి, రాయి దాటగానే మళ్ళీ పైకి లేస్తుంది. మోత తగ్గుతుంది. అడుగు చదరం పలకలుగా వస్తుంది కాబట్టి పాడైన చోట ఒక్క పలకను ఊడదీసి మార్చుకుంటే సరిపోతుంది. ఉక్కు జాలితో పోలిస్తే దీనిలో రంధ్రాలకు దక్కే చోటు తక్కువ, అందువల్ల గంటకు జల్లించగలిగే సరుకూ తగ్గవచ్చు. అమ్మకపు మాటల్లో ఈ సంగతి వెనకబడుతుందన్నది వేరే విషయం.

నా దృష్టిలో ఈ తగవుకు మూలం జల్లెడ మీదికి నీళ్ళు వచ్చిన రోజున ఉంది. గెలాక్సీ గ్రానైటు దిమ్మెలు తీయగా మిగిలిన రాళ్ళను కంకరగా కొట్టే పని ఇక్కడ చాలాకాలం పొడిగానే సాగింది. 2012 ఫిబ్రవరి 27న దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, ఇసుక, కంకర వంటి చిన్నతరహా ఖనిజాల అయిదు హెక్టార్ల లోపు లీజులకు సైతం పర్యావరణ అనుమతి తప్పనిసరి అని ఆదేశించింది. ఆ తరువాత ఏటి ఇసుక మీద పట్టు బిగిసింది. కాంక్రీటులో వాడే కంకర, ఇసుకలకు వర్తించే భారతీయ ప్రమాణం ఐఎస్ 383, 2016లో సవరించాక, రాతి నుంచి తయారైన ఇసుకకు కాంక్రీటులో స్పష్టమైన స్థానం ఇచ్చింది. అయితే అలాంటి ఇసుకలో 75 మైక్రాన్ల కన్నా సన్నని పొడి 15 శాతం మించకూడదు. క్రషర్ డస్టును ఆ హద్దులో నిలపడానికి చాలాచోట్ల కడగడమే దారి అయింది. అలా జల్లెడ మీద నీటి గొట్టాలు వెలిశాయి. వాటి కింద బిగించిన పలకలు మాత్రం పొడి కంకరకు వాడిన రకమే.

పాలీయురేథేన్ అనేది ఒకే సరుకు కాదు. దాని తయారీలో ఐసోసయనేటు అనే రసాయనంతో కలిపే రెండో భాగం పాలీయెస్టర్ అయితే ఒక గుణం, పాలీఈథర్ అయితే మరో గుణం. పాలీయెస్టర్ రకం కోతకు, చీలికకు బాగా తట్టుకుంటుంది. పెద్దపెద్ద పదునైన రాళ్ళు పొడిగా పడేచోట దానిదే పైచేయి. దాని బలహీనత నీరు. తేమా వేడీ కలిసినప్పుడు అందులోని ఈస్టర్ బంధాలు ఒక్కొక్కటిగా తెగిపోతాయి, తెగినచోట పుట్టే ఆమ్లం మిగిలిన బంధాలను మరింత త్వరగా తెంపుతుంది. ఎంతో ఇష్టపడి కొని, బీరువాలో దాచిన బూట్లను రెండుమూడేళ్ళ తరువాత తొడుక్కుంటే పాలీయురేథేన్ అడుగుభాగం పొడిపొడిగా రాలిపోవడం చూసినవారికి ఇది కొత్త కాదు. అక్కడ నడకే లేదు, అరుగుదల ఎక్కడిది? పాలీఈథర్ రకానికి ఈ బెడద చాలా తక్కువ, కాని మేలైన పాలీఈథర్ ఖరీదు ఎక్కువ. ఈ తేడా రసాయన పరిశ్రమకు 1950ల నుంచీ తెలుసు.

తగవు నడుస్తున్న ఒక ప్లాంటుకు గతవారం వెళ్ళాను. మేస్త్రీ పగిలిన పలక ఒకటి తెచ్చి, కొత్తదాని పక్కన పెట్టి వెర్నియర్ కొలబద్దతో మందం కొలిచాడు. కొత్తది 30 మిల్లీమీటర్లు, పగిలినది 28. రెండు మిల్లీమీటర్ల అరుగుదలకే పలక చచ్చిపోదు. అతను దాన్ని రెండు చేతులతో వంచితే చెరకు గడ విరిగినట్టు విరగలేదు, తడిసిన బెల్లపుముద్దలా చిట్లింది; విరిగిన అంచులో గోరు దిగింది. తరువాత జల్లెడ ఎక్కించి చూపించాడు. పొడి సరుకు పడే మొదటి వరుసలో పలకలు నిక్షేపంగా ఉన్నాయి. పోయినవన్నీ నీటి గొట్టాల కిందివి. “ఎక్కువ రాయి పడేది ఇక్కడండీ, పోయేదేమో అక్కడ. ఇక అరుగుదల అని ఎలా అంటారు వాళ్ళు?” అన్నాడు.

సరఫరాదారుల వాదనలో పూర్తిగా పస లేదని కాదు. ఆర్డరు కాగితంలో రంధ్రం కొలత, పలకల సంఖ్య, గట్టిదనం మాత్రమే రాశారు. కడిగే ప్లాంటుకని ఎక్కడా లేదు. గట్టిదనం అంకె రెండు రకాలకూ ఒకటే ఉండవచ్చు గనుక ఆ కాగితం నుంచి ఏ రకమో తేలదు. అయితే ప్లాంటుకు స్వయంగా వచ్చి కొలతలు తీసుకున్నవారికి నీటి గొట్టాలు కనిపించలేదనడం నమ్మడం కష్టం. కొన్నవారు విడి పలకలను రేకుల షెడ్డులో నెలల తరబడి నిల్వ ఉంచారన్న ఆరోపణ మాత్రం నిజమే. అక్టోబరు, నవంబరు వానలు, ఆపైన వేసవి ఉక్క కలిసి పాలీయెస్టర్ పలకను బిగించకముందే ముసలిదాన్ని చేయగలవు. తేరి మళ్ళీ వాడే గుంట నీరు ఎండకు వేడెక్కడం మరో కారణం. కాని ఈ రెండూ అమ్మినవారు ముందే చెప్పవలసిన జాగ్రత్తలు. హామీ కాగితంలో వాటి ఊసు లేదు.

పగిలిన పలకలు ప్లాంటు గోడ పక్కన కుప్పగా పడి ఉన్నాయి. అచ్చుపోసిన పాలీయురేథేన్‌ను కరిగించి మళ్ళీ పోయడం కుదరదు. చలికాలంలో కాపలావాళ్ళు రెండు ముక్కలు మంటలో వేశారని మేస్త్రీ చెప్పాడు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్‌తోపాటు హైడ్రోజన్ సయనైడ్ కూడా ఉంటుంది కాబట్టి దాన్ని వెంటనే మాన్పించవలసింది.

కొత్త ఆర్డరులో “పాలీఈథర్, కడిగే ప్లాంటుకు” అన్న మాట రాసి ఇవ్వాలని యజమాని పట్టుబట్టాడు. రాస్తాం గాని రేటు మారుతుందని, పాత బకాయి ముందు తీర్చాలని అవతలివారి జవాబు. ఈలోగా నీటి గొట్టాల కింద మేస్త్రీ మళ్ళీ ఉక్కు జాలి బిగించాడు.