రాజుల రాతను వాన ఎలా తినేస్తుంది?

చీమకుర్తి నుంచి ఓ డిగ్రీ కుర్రాడు అడిగాడు: "రాతి మీద చెక్కింది చెరగదంటారు కదండీ, మరి లెబనాన్‌లో రామ్సెస్ శాసనాలు ఎందుకు అరిగిపోయాయి?" గ్రానైట్ క్వారీల మధ్య పెరిగినవాడికి రావలసిన అనుమానమే. నాకు భలే ముచ్చటేసింది.

బీరూట్‌కు ఉత్తరాన నహర్ అల్ కల్బ్ అనే చిన్న నది సముద్రంలో కలుస్తుంది. అక్కడ కొండ నీళ్లదాకా చొచ్చుకొచ్చింది. ఏ సైన్యమైనా ఆ ఇరుకు దారినే పోవాలి. క్రీ.పూ. 13వ శతాబ్దంలో ఈజిప్టు రాజు రెండో రామ్సెస్ ఆ కొండచరియ మీద శాసనాలు వేయించాడు. క్రీ.పూ. 671లో ఈజిప్టును గెలిచిన అస్సిరియా రాజు ఏసర్హద్దోను, సరిగ్గా రామ్సెస్ శాసనం పక్కనే తన బొమ్మ చెక్కించుకున్నాడు. అవతలి గట్టున బాబిలోను రాజు నెబుకద్నెజరు రాత ఉంది. మన దగ్గర బైబిల్ చదివేవాళ్లకు ఈ పేర్లు కొత్తేం కాదు.

ఆ కొండ సున్నపురాయి, అంటే కాల్షియం కార్బొనేట్. కిటుకంతా అక్కడే ఉంది. వానచినుకు గాలిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకొని కిందికి దిగుతుంది. కాలుష్యం లేని చోట కూడా వాననీటి పీహెచ్ సుమారు 5.6, అంటే బలహీనమైన కార్బోనిక్ ఆమ్లం. అది తాకితే సున్నపురాయి కాల్షియం బైకార్బొనేట్‌గా మారుతుంది. కార్బొనేట్ నీళ్లలో దాదాపు కరగదు, బైకార్బొనేట్ ఇట్టే కరుగుతుంది. చదునైన రాతికి నీళ్లు ఒక పక్కనుంచే తగులుతాయి. చెక్కిన అక్షరం అంచుకు రెండు పక్కల నుంచీ తగులుతాయి. అందుకే ముందు అంచు మొద్దుబారుతుంది, తర్వాత గాడి పూడినట్టు కనిపిస్తుంది. నిజానికి పూడదు, చుట్టూ ఉన్న రాయే దిగిపోతుంది. లోతుగా చెక్కిన ఆకారం నిలుస్తుంది, సన్నటి అక్షరం పోతుంది.

ఆ నదికి నీళ్లిచ్చేది జైతా గుహ. దాన్ని తొలిచిందీ ఇదే ఆమ్లం! మట్టిలోంచి దిగే నీటిలో కార్బన్ డయాక్సైడు ఇంకా ఎక్కువ, కాబట్టి కొండ లోపల తొలుచుడూ ఎక్కువే. మన బొర్రా, బెలూం గుహల కథా ఇదే. ఈ చర్య వెనక్కి నడవడం చూడాలంటే ప్రకాశం జిల్లాలో బోరు నీళ్లు కాచే గిన్నె చాలు. వేడికి కార్బన్ డయాక్సైడు పోయి, కార్బొనేట్ మళ్లీ గట్టిపడి అడుగున తెల్లగా పొలుసు కడుతుంది.

చీమకుర్తి రాయి సంగతి వేరు. వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ, భూగర్భ శాస్త్రం ప్రకారం అది గాబ్రో జాతి రాయి. ఫెల్‌స్పార్, పైరాక్సిన్ లాంటి సిలికేట్ ఖనిజాలు. ఆ నల్లరాతిలో మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. సిలికాన్, ఆక్సిజన్ బంధాన్ని కార్బోనిక్ ఆమ్లం అంత తేలిగ్గా విడదీయలేదు. అక్కడా ఫెల్‌స్పార్ బంకమన్నుగా మారుతుంది కానీ, ఎంతో నిదానంగా.

మనుషులు మాత్రం వానకన్నా తొందరపడతారు. 1860-61లో నహర్ అల్ కల్బ్‌కు వచ్చిన ఫ్రెంచి చక్రవర్తి మూడో నెపోలియన్ సైన్యం రామ్సెస్ శాసనాల్లో ఒకదాన్ని చెరిపేసి తన రాత వేసుకుంది. మన పల్లెల్లో గుప్తనిధుల మూఢనమ్మకంతో శాసనపు రాళ్లు పగలగొట్టేవాళ్లను తలచుకుంటే కడుపు రగిలిపోతుంది.

మాస్టార్లకు ఒక మాట. క్లాసులో సున్నపురాయి ముక్క, చీమకుర్తి ముక్క పక్కపక్కన పెట్టి చెరో చుక్క సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేయండి. మొదటిది బుసబుస పొంగుతుంది, రెండోది ఉలకదు పలకదు. గుడి శాసనాలను యాసిడ్‌తో ఎందుకు కడగకూడదో పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు.