వేడీ కాదు, ఫంగసూ కాదు: ఆ మంట పేరు వెనక కథ

కందుకూరులో మా పిన్ని కూతురికి పెళ్లయిన రెండో నెలలోనే యోని దగ్గర మంట మొదలైంది. బండి మీద కూర్చుంటే మంట, బిగుతు బట్టలు వేసుకుంటే మంట, భర్తతో కలిసినప్పుడైతే బ్లేడుతో కోసినట్టు నొప్పి. "వేడి చేసిందిలే అమ్మణ్ణీ" అని పిన్ని సబ్జా నీళ్లు, బార్లీ నీళ్లు తాగించింది. తగ్గలేదు. ఏడాదిన్నర పాటు ఒంగోలు, నెల్లూరు తిరిగి, చీటీలన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. మంచం మీద పరిచి చూస్తే నాలుగింట్లో అదే ఫంగస్ మాత్ర, మూడింట్లో యాంటీబయాటిక్, యూరిన్ కల్చర్ రిపోర్టులన్నీ నార్మల్. ఆఖరి చీటీలో మందు లేదు, "కౌన్సెలింగ్" అని ఒక్క మాట ఉంది. "అంటే నేను నటిస్తున్నాననే కదక్కా" అని ఏడ్చింది.

ఏ డాక్టరునో తిట్టడానికి ఇది రాయడం లేదు. ఈ జబ్బుకు పెట్టిన పేర్లే మారుతూ వచ్చాయి, ఏ పేరుంటే దానికి తగ్గ మందే రాశారు, అందులో ఒక పాత పేరు మన చీటీల్లో ఇంకా బతికే ఉంది.

నొప్పి పుట్టేది యోని ద్వారం చుట్టూ, లోపలి పెదవుల మధ్య ఉండే మెత్తటి చర్మంలో. దాన్ని వెస్టిబ్యూల్ అంటారు, ఇంటికి వసారా ఎలాగో ఇదీ అలాగే. అక్కడ నరాలు అతిగా స్పందిస్తున్నాయని 1880లోనే అమెరికా డాక్టరు గెయిలార్డ్ థామస్ రాశాడు. 1928లో హోవార్డ్ కెల్లీ అదే చోట తాకితే ఓర్చుకోలేని ఎర్రటి మచ్చల గురించి రాశాడు. అంటే కళ్లతో చూసి, వేలితో తాకి కనుక్కున్న జబ్బే ఇది. అయినా ఆ తర్వాత దశాబ్దాల పాటు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, ఆడవాళ్ల మనసులోనే ఏదో ఉందని తేల్చేశారు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించే భాగం ఇదే.

1987లో ఎడ్వర్డ్ ఫ్రెడ్రిక్ దీనికి మూడు గుర్తులు చెప్పాడు: తాకినా, కలవబోయినా తీవ్రమైన నొప్పి, వెస్టిబ్యూల్ మీద నొక్కితే బాధ, అక్కడ ఎరుపు. పేరు వల్వార్ వెస్టిబ్యులైటిస్. మేలే జరిగింది, జబ్బు ఉందని ఒప్పుకున్నారు. కానీ చివర ఆ "ఐటిస్" ఉంది చూశారా, అపెండిసైటిస్, టాన్సిలైటిస్‌లో ఉన్నదే, అంటే ఇన్‌ఫ్లమేషన్, వాచి ఎర్రబడడం. ఆ మాట వింటే ఎవరికైనా ఇన్ఫెక్షనే గుర్తొస్తుంది, చెయ్యి యాంటీబయాటిక్ వైపే పోతుంది. తీరా ముక్క తీసి పరీక్ష చేస్తే ఇన్‌ఫ్లమేషన్ అందరిలోనూ ఒకేలా కనిపించలేదు. 1998లో స్వీడన్ పరిశోధకులు చూసింది వేరే: ఆ చర్మంలో నరాల కొసలు మామూలు కంటే ఎక్కువగా ఉన్నాయి. కాలిన చేతికి గోరువెచ్చని నీళ్లు కూడా మండినట్టు, అక్కడ బట్ట తగిలినా మండుతుంది. 2003లో "ఐటిస్" తీసేసి వెస్టిబ్యులోడీనియా అన్నారు, డీనియా అంటే నొప్పి, అంతే. 2015లో నిర్వచనం మళ్లీ సరిచేశారు: వేరే కారణమేదీ స్పష్టంగా దొరకకుండా కనీసం 3 నెలలు ఉండే నొప్పి.

ఆ 2003లోనే బోస్టన్ ప్రాంతంలో జరిగిన సర్వే ఫలితాలు వచ్చాయి. సుమారు 16 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి నొప్పి కనీసం 3 నెలలు పడ్డామన్నారు, డాక్టరు దగ్గరికి వెళ్లినవాళ్లలో 60 శాతం మంది ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువ మంది డాక్టర్లను చూశారు. బోస్టన్‌లోనే అలా ఉంటే, కవర్ నిండా చీటీలు పోగేసుకున్న మా చెల్లెలి తప్పేముంది?

పరీక్ష చాలా చిన్నది. తడి కాటన్ బడ్‌తో గడియారం అంకెల్లా చుట్టూ మెల్లగా తాకుతూ, ఎక్కడ ఎంత నొప్పో అడుగుతారు. చాలామందికి కింది వైపు, 5 నుంచి 7 గంటల మధ్య ఎక్కువ. అయితే ముందు నిజమైన ఫంగస్, చర్మ వ్యాధులు, బిడ్డకు పాలిచ్చేటప్పుడూ నెలసరి ఆగాకా ఈస్ట్రోజన్ హార్మోన్ తగ్గడం, ఇవి లేవని చూసుకోవాలి, వాటి వైద్యం వేరు. కొందరికి గర్భనిరోధక మాత్రలతో సంబంధం ఉంటుంది.

వైద్యంలో మొదటిది ఆపడమే: డెట్టాల్, సబ్బు, సువాసన వాష్‌లు, అక్కర్లేని ఫంగస్ క్రీములు. మామూలు నీళ్లు, కాటన్ లోదుస్తులు చాలు. మొద్దుబార్చే లిగ్నోకైన్ పూత, నరాల నొప్పికి తక్కువ డోసులో అమిట్రిప్టిలిన్ వాడతారు, కానీ 2010లో అమెరికాలో ఇదే కోవకు చెందిన డెసిప్రమిన్ మాత్రనూ లిగ్నోకైన్ పూతనూ పరీక్షిస్తే ఉత్తుత్తి మందుకంటే మెరుగ్గా పనిచేయలేదు, కాబట్టి వాటి మీదే ఆశ పెట్టుకోవద్దు. నొప్పి భయంతో కటి కండరాలు బిగుసుకుపోతాయి, వాటిని వదులు చేసే ఫిజియోథెరపీ చాలామందికి ఉపయోగపడుతుంది. ఏదీ పనిచేయకపోతే ఆ చర్మం తీసేసే ఆపరేషన్ ఉంది. 2001లో కెనడాలో ఆపరేషన్‌ను, కండరాల శిక్షణను, నొప్పిని ఎదుర్కోవడం నేర్పే కౌన్సెలింగ్‌ను పోల్చి చూశారు. నొప్పి అన్నిటికన్నా ఎక్కువ తగ్గింది ఆపరేషన్‌తో, కానీ మిగతా రెండింటితోనూ తగ్గింది.

అంటే ఆ ఆఖరి చీటీలో రాసింది తప్పు మందు కాదు. "నీ నొప్పి నిజమే తల్లీ, దాన్ని తగ్గించే దారుల్లో ఇదొకటి" అని పక్కన కూర్చోబెట్టి చెప్పి ఉంటే మా చెల్లెలు ఆ రోజు అలా ఏడ్చేది కాదు.

మళ్లీ నెల్లూరు వెళ్లే ముందు ఒక కాగితం మీద మూడు సంగతులు రాసి ఇచ్చాను: ఎన్ని నెలలుగా, తాకితేనా ఊరికే కూడానా, మొదటిసారి నుంచీనా మధ్యలో వచ్చిందా. లేడీ డాక్టరు అది చదివి కాటన్ బడ్ తెప్పించారట. బయటికి రాగానే ఫోన్ చేసి, "అక్కా, 6 గంటల దగ్గర" అంది.